పేపరు పాడేరు దాకా వెళ్ళాలంటే: మెడికల్ జర్నల్‌కు సోషల్ మీడియా నడిపే పద్ధతి

కాలేజీ లైబ్రరీలో జర్నళ్ళ బీరువా ఒకసారి తెరిచి చూడండి. చాలా సంచికలు పోస్టులో వచ్చిన కవరు కూడా చింపకుండా అలాగే ఉంటాయి. ఆ కవర్ల లోపల మన చుట్టుపక్కల జబ్బుల గురించి మనవాళ్ళే రాసిన పరిశోధన పేపర్లుంటాయి. ఏజెన్సీలో మలేరియా, శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కిడ్నీ జబ్బు, వానలప్పుడు వచ్చే స్క్రబ్ టైఫస్ జ్వరం. వాటితో నిజంగా పనిబడేది పాడేరు అవతల ఏదో పీహెచ్‌సీలో కూర్చున్న మెడికల్ ఆఫీసరుకు. ఆయన దగ్గర లైబ్రరీ లేదు. చేతిలో ఫోనుంది.

ఆ బీరువా నుంచి ఆ ఫోను దాకా పేపరును తీసుకెళ్ళే పని మీకు అప్పజెప్పారనుకోండి. మన దగ్గర ఇది ఎలా జరుగుతుందో మీకు తెలుసు. ఎడిటర్ గారు ఒక పీజీనో అసిస్టెంట్ ప్రొఫెసర్‌నో పిలిచి, "అమ్మా, పెద్ద జర్నళ్ళన్నీ ఫేస్‌బుక్‌లో ఉన్నాయి, మనది కూడా పెట్టు, నువ్వే చూసుకో" అంటారు. విశాఖలో ఒక చిన్న వైద్య పత్రికకు నేను చేస్తున్నది ఈ పనే. ఎవరూ నేర్పలేదు కాబట్టి చేస్తూ తెలుసుకున్నదాన్ని వరసగా రాస్తున్నాను.

మొదలుపెట్టే ముందు ఒక్క సంగతి గట్టిగా గుర్తుపెట్టుకోండి. మీ పోస్టు చూసినవాళ్ళలో చాలామంది పేపరు తెరవరు. వాళ్ళకు పోస్టే పేపరు. పరిశోధన ఎంతవరకు చెప్పింది, ఎక్కడ ఆగిపోయింది అన్నది పోస్టులోనే కనిపించాలి. కింద రాసిన అడుగులన్నీ దీన్ని పట్టుకునే నడుస్తాయి.

1. ముందు ఎడిటర్ గారితో మాట్లాడుకోండి

బోర్డు మీటింగులో తప్పకుండా ఎవరో ఒకరు అడుగుతారు: "ఇలా పెడితే సైటేషన్లు పెరుగుతాయా?" సైటేషన్ అంటే మన పేపరును వేరే పేపరు ప్రస్తావించడం. పెరుగుతాయని మాట ఇచ్చేయకండి. ఈ ప్రశ్న మీద నిజంగానే ప్రయోగాలు జరిగాయి, అవి ఒకదానితో ఒకటి ఏకీభవించలేదు.

గుండె జబ్బుల పత్రిక సర్క్యులేషన్ తన 243 పేపర్లను చీటీలు తీసినట్టు రెండు భాగాలు చేసి, ఒక భాగాన్ని ఫేస్‌బుక్‌లో, ట్విట్టర్‌లో పెట్టింది. రెండో భాగాన్ని పెట్టలేదు. నెల రోజుల్లో ఒక్కో పేపరు పేజీని తెరిచిన సంఖ్య, మధ్యస్థం లెక్కలో, పెట్టినవాటికి 409, పెట్టనివాటికి 392. తేడా లేనట్టే. తన సొంత శ్రమ ఫలించలేదన్న ఆ సంగతిని 2015లో తన పేజీల్లోనే అచ్చువేసుకుంది. ఆ నిజాయితీ అంటే నాకు చాలా గౌరవం. తరవాత ఛాతీ శస్త్రచికిత్స రంగం నుంచి 112 పేపర్లతో మరో ప్రయోగం వచ్చింది. అందులో ట్వీట్ చేసిన పేపర్లకు ఏడాదిలో సగటున 3.1 సైటేషన్లు పెరిగితే, చేయనివాటికి 0.7 పెరిగాయి. ఇంకేం, పెట్టేద్దాం అనుకునేలోపు 2024లో ప్లాస్ వన్ అనే పత్రికలో వేరే పరిశోధకుల ప్రయోగం వచ్చింది. మూడేళ్ళ పాటు చూసినా ట్వీట్ల వల్ల సైటేషన్లు పెరిగిన జాడ తమకు కనబడలేదని వాళ్ళు రాశారు.

కాబట్టి సైటేషన్ల పేరు చెప్పి అనుమతి తీసుకోకండి. ఏడాది తిరిగేసరికి అవి పెరగకపోతే పేజీ మూసేయమంటారు. "మన పేపరు పనికొచ్చే మనిషికి అది ఉందని తెలియడం కోసం" అని చెప్పండి. ఆ మాట నిలబెట్టుకోవడం మన చేతుల్లో ఉంది.

అదే రోజు ఇంకో రెండు తేల్చుకోండి. పోస్టు పెట్టేముందు ఎవరు చూడాలి? కనీసం ఒక ఎడిటరు, ఆ పేపరు రాసినవాళ్ళలో ఒకరు చూడాలి. ఇద్దరికీ ఒక్కరోజు గడువిస్తే చాలు. రెండోది, రచయిత గారి క్లినిక్ పేరు, ఫోన్ నంబరు, "ఈ ఆపరేషన్ మా దగ్గర చేస్తాం" వంటి వాక్యాలు పోస్టులోకి రానివ్వకూడదు. పేషెంట్లను రాబట్టే ప్రచారం డాక్టర్లు చేయకూడదని 2002 నాటి వైద్య నైతిక నియమావళి చెబుతోంది. సోషల్ మీడియాకు ప్రత్యేకంగా నియమాలు చేర్చిన 2023 నాటి కొత్త నియమావళిని వచ్చిన కొద్ది వారాలకే పక్కనబెట్టారు గానీ, పాతది అమల్లోనే ఉంది. నియమం లేకపోయినా జర్నల్ గోడ మీద క్లినిక్ బోర్డు వేలాడదీయడం సరికాదు.

2. ఎవరి కోసమో ఎంచుకోండి, అన్నిచోట్లా ఉండకండి

కొత్తలో అందరూ చేసే పొరపాటు ఐదారు చోట్ల ఒకేసారి ఖాతాలు తెరవడం. రెండు నెలలకు అన్నీ ఎండిపోతాయి. చివరి పోస్టు రెండేళ్ళ కిందటిదైన పేజీ కంటే అసలు పేజీ లేకపోవడమే నయం.

వేరే ఊళ్ళ పరిశోధకులు, విదేశీ పత్రికల ఎడిటర్లు ఎక్స్‌లో (పాత పేరు ట్విట్టర్), లింక్డ్‌ఇన్‌లో ఉంటారు. పీజీలు, హౌస్ సర్జన్లు ఇన్‌స్టాగ్రామ్‌లో, యూట్యూబ్‌లో ఉంటారు. జిల్లాలో పనిచేసే డాక్టర్లు, స్టాఫ్ నర్సులు, ఏఎన్‌ఎంలు, విలేకరులు, మామూలు జనం వాట్సాప్‌లో ఉంటారు. మహారాణిపేటలో కేజీహెచ్ చుట్టూ ఉన్న ఏ క్లినిక్‌లోకి వెళ్ళినా డాక్టరుగారి ఫోనులో స్పెషాలిటీ గ్రూపొకటి, బ్యాచ్‌మేట్ల గ్రూపొకటి, డాక్టర్ల సంఘం ఐఎంఏ గ్రూపొకటి ఉంటాయి. మన పేపరు నడిచే దారి అదే.

చిన్న పత్రికకు నా సలహా: ఒక వాట్సాప్ ఛానెల్, ఎక్స్‌లో ఒక ఖాతా. అంతే. గ్రూపు కంటే ఛానెల్ నయం, ఎందుకంటే అందులో చేరినవాళ్ళ నంబర్లు ఒకరికొకరికి కనిపించవు, అర్ధరాత్రి గుడ్‌మార్నింగ్ బొమ్మలూ రావు. పీజీలు ఎక్కువగా ఉన్న కాలేజీ అయితే మూడోదిగా ఇన్‌స్టాగ్రామ్ తీసుకోండి. అక్కడ న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్ వారం వారం నడిపే ఇమేజ్ ఛాలెంజ్‌ను చూసి నేర్చుకోవచ్చు. ఒక ఫొటో, ఐదు జవాబులు, ఒకటి ఎంచుకోమంటుంది. 1812లో మొదలైన పత్రిక, ఇవాళ్టి పీజీ డ్యూటీ రూములో టీ తాగుతూ చూసేలా అంత చిన్న రూపంలోకి మారింది. మనకు కూడా స్పాటర్ల, అంటే చూసి జబ్బు గుర్తుపట్టమనే కేసుల, కొరత లేదు గదా.

3. పోస్టుకు ముందు లింకు

ఇది చిన్న అడుగే, కానీ దాటేస్తే మిగతాదంతా వృథా. పేపరుకు డీఓఐ, అంటే దానికి మాత్రమే ఇచ్చే శాశ్వత గుర్తింపు సంఖ్య, ఉండాలి, అది పనిచేయాలి. సంచిక వెబ్‌సైట్‌లోకి ఎక్కిన రోజే డీఓఐ పనిచేస్తుందని నమ్మకండి. మీ ఖాతా లాగిన్ లేని ఇంకో ఫోనులో నొక్కి చూడండి. పోస్టులో పెట్టేది ఎప్పుడూ ఆ డీఓఐ లింకే. రేపు వెబ్‌సైట్ మారినా అది దారి చూపిస్తుంది. పేపరు ప్రస్తావనలను లెక్కపెట్టే ఆల్ట్‌మెట్రిక్ లాంటి సంస్థలు కూడా దాన్నిబట్టే గుర్తిస్తాయి.

నొక్కగానే డబ్బు కట్టమని అడిగే పేజీ వస్తే చింతపల్లిలో డాక్టరు వెనక్కి వెళ్ళిపోతారు, మళ్ళీ రారు. మీ పత్రిక అందరికీ ఉచితం కాకపోతే, పోస్టు పెట్టిన నెల రోజులైనా ఆ ఒక్క పేపరును తెరిచి ఉంచమని ఎడిటర్ గారిని అడగండి. స్కాన్ చేసిన పెద్ద పీడీఎఫ్ ఉంటే దాని బరువు తగ్గించండి. ఘాట్ రోడ్డు మీద సిగ్నల్ సంగతి మీకు చెప్పక్కర్లేదు.

4. పేపరు మొత్తం చదివి, ఐదు ప్రశ్నలకు జవాబు రాసుకోండి

అసలు పని ఇది. పేపరు మొదట్లో ఉండే సారాంశం, అబ్‌స్ట్రాక్ట్, ఒక్కటే చదివి పోస్టు రాయకండి. పేపరంతా చదివి, నోటుబుక్కులో ఈ ఐదింటికి తెలుగులో జవాబు రాయండి. ఎవరిలో చేశారు? ఎంతమందిలో? దేనితో పోల్చారు? ఏం కొలిచారు? ఏది ఇంకా తెలియదు?

మొదటి ప్రశ్నకు "ఎలుకల్లో" అని జవాబు వస్తే, పోస్టు మొదటి వాక్యంలోనే ఎలుకలు రావాలి. ఎలుకల మాట దాచి మనుషుల వార్తలా రాసే అలవాటు లోకమంతా ఉంది. దాన్ని ఎత్తిచూపడానికే 2019లో ఒక పరిశోధకుడు ట్విట్టర్‌లో ప్రత్యేకంగా ఒక ఖాతా తెరిచి, అలాంటి శీర్షికలు కనబడ్డచోటల్లా "ఎలుకల్లో" అన్న ఒక్క మాట తగిలించేవాడు. చాలామంది చూశారు.

ఈ అతి ఎక్కడ పుడుతుందో కూడా తెలుసుకోండి, ఎందుకంటే మనం కూర్చున్నది సరిగ్గా అక్కడే. బ్రిటన్‌లో 20 యూనివర్సిటీలు 2011లో విడుదల చేసిన 462 పత్రికా ప్రకటనలను వాటి మూల పేపర్లతో పోల్చి చూసిన అధ్యయనం 2014లో బీఎంజే అనే వైద్య పత్రికలో వచ్చింది. వాటిలో 40% పేపరులో ఉన్నదానికంటే గట్టిగా సలహాలిచ్చాయి. 33% సంబంధాన్ని కారణమన్నట్టు చెప్పాయి. 36% జంతువుల్లో చూసినదాన్ని పేపరు చెప్పినంత కంటే ఎక్కువగా మనుషులకు అంటగట్టాయి. దినపత్రికల్లో వచ్చే అతి వార్తలకు విలేకరులే కారణమని అనుకుంటాం. చాలాసార్లు అది పరిశోధన జరిగిన సంస్థ ప్రకటనలోనే ఉంది. జర్నల్ పోస్టు కూడా అలాంటి ప్రకటనే.

అంకెల దగ్గర మరీ జాగ్రత్త. లెక్క కోసం ఒక మందు ఊహించుకుందాం. వేసుకోని వెయ్యిమందిలో నలుగురికి జబ్బు వచ్చింది, వేసుకున్న వెయ్యిమందిలో ఇద్దరికి వచ్చింది. "ముప్పు సగానికి తగ్గింది" అన్నా నిజమే, "వెయ్యిమంది వేసుకుంటే ఇద్దరికి తప్పింది" అన్నా నిజమే. మొదటి వాక్యం చదివినవాళ్ళు మందుల షాపుకు పరిగెడతారు. రెండోది చదివినవాళ్ళు డాక్టరును అడుగుతారు. ఎప్పుడూ రెండోదే రాయండి. చోటుంటే మొదటిది పక్కన పెట్టండి.

ఒక నమూనా చూద్దాం. ఉద్దానంలో తాగునీటిలో సిలికాకూ కిడ్నీ జబ్బుకూ సంబంధం చూసిన పేపరు ఒకటి మీ చేతికి వచ్చిందనుకోండి, ఇది కేవలం ఊహ. తొందరలో ఇలా రాయబుద్ధవుతుంది:

"ఉద్దానం మిస్టరీ వీడింది! కిడ్నీ జబ్బుకు కారణం నీళ్ళే!"

కవిటి, సోంపేట, పలాస వైపు జనం ఇరవై ఏళ్ళకు పైగా ఇలాంటి మాటలు ఎన్నో విన్నారు. ఇదీ కారణం అని ఇంతవరకూ తేలలేదు. ఈ పోస్టు వెళ్ళిన వారానికి ఊళ్ళోకి ఫిల్టర్లు అమ్మేవాళ్ళు వస్తారు. డయాలసిస్‌కు వెళ్తున్న మనిషి "నీళ్ళు మార్చుకుంటే చాలు" అనుకుంటాడు. అందుకే ఇలా రాయండి:

"ఉద్దానంలో కొన్ని ఊళ్ళవాళ్ళను ఒక్కసారి పరీక్షించారు. తాగే నీళ్ళలో సిలికా ఎక్కువున్నచోట కిడ్నీ జబ్బు కూడా ఎక్కువ కనబడింది. నీళ్ళ వల్లే జబ్బు వచ్చిందని ఈ పేపరు చెప్పడం లేదు. ఎండలో పని, నొప్పి మాత్రల వాడకం లాంటివి విడదీసి చూడలేదు. వాడుతున్న మందులు, డయాలసిస్ మానకండి. పూర్తి పేపరు ఉచితంగా ఇక్కడ."

రెండోది చప్పగా ఉందని మొదట్లో నాకూ అనిపించేది. ఇప్పుడు అనిపించదు. జబ్బుతో ఉన్న మనిషి చదువుతున్నాడని తలుచుకుంటే రెండోదే బరువైన వాక్యం.

5. తెలుగులో రాయండి, ఓపీలో మాట్లాడే తెలుగులో

ఎక్స్‌లో ఇంగ్లిష్, ఛానెల్‌లో తెలుగు. ఇది నేను పాటించే విభజన. డాక్టర్లకు తెలుగెందుకని అడుగుతారు. డాక్టరుకు అర్థం కాక కాదు. ఆయన దాన్ని నర్సుకు, ఏఎన్‌ఎంకు, పేషెంటు కొడుక్కు పంపగలగాలని.

తెలుగు అంటే పాఠ్యపుస్తకం తెలుగు కాదు. "అధిక రక్తపోటు", "మధుమేహం", "మూత్రపిండ వైఫల్యం" అని రాస్తే చదివేవాళ్ళు ఆగిపోతారు. బీపీ, షుగరు, కిడ్నీ ఫెయిలవడం అనండి. "రాండమైజ్డ్" అన్నచోట "చీటీలు తీసినట్టు రెండు గుంపులు చేశారు" అనండి. "ప్లాసిబో" అన్నచోట "మందు లేని, చూడ్డానికి అలాగే ఉండే మాత్ర" అనండి. కొన్ని మాటలు మాత్రం మీ కలం నుంచి రానివ్వకండి: "నిరూపితమైంది", "అద్భుతం", "విప్లవాత్మకం", "శాశ్వత పరిష్కారం". "కారణం" అన్న మాట ప్రయోగం చేసిన పేపరుకే. పరిశీలన మాత్రమే చేసిన పేపరుకు "సంబంధం కనబడింది".

ఎక్స్‌లో కూడా తెలుగు పోస్టు పెట్టాలనుకుంటే ఒక చిక్కు ముందే తెలుసుకోండి. అక్కడ ఉచిత ఖాతాకు 280 అక్షరాలు. మన ఒత్తులూ గుణింతాలూ విడివిడిగా లెక్కలోకి వస్తాయి. "స్త్రీ" మనకు ఒక్క అక్షరం, దానికి ఆరు. "వైద్యులు" ఎనిమిది. లింకు ఎంత పొడుగున్నా 23 అక్షరాలు తినేస్తుంది. అందుకని తెలుగులో రెండు చిన్న వాక్యాలకు మించి పెట్టుకోకండి, మిగతాది బొమ్మలో చెప్పండి.

6. బొమ్మ

పేపరు సారాన్ని ఒకే బొమ్మలో చెప్పే విజువల్ అబ్‌స్ట్రాక్ట్‌ను 2016లో అనల్స్ ఆఫ్ సర్జరీ పత్రిక వాడుకలోకి తెచ్చింది. రూపొందించింది ఆండ్రూ ఇబ్రహీం అనే సర్జన్. మరుసటి ఏడాదే ఆ పత్రిక 44 పేపర్లను తీసుకుని, ఒక్కోదాన్ని ఒకసారి శీర్షికతో, ఒకసారి బొమ్మతో ట్వీట్ చేసి పోల్చింది. బొమ్మతో పెట్టినప్పుడు రీట్వీట్లు 8.4 రెట్లు, పేపరు తెరిచినవాళ్ళు 2.7 రెట్లు వచ్చారు. ఈ రెండు అంకెలను పక్కపక్కన పెట్టి చూడండి. పంచినవాళ్ళు ఎనిమిది రెట్లు పెరిగితే తెరిచినవాళ్ళు మూడు రెట్లు కూడా పెరగలేదు. బొమ్మ దూరం వెళ్తుంది, చాలాసార్లు పేపరు లేకుండా ఒంటరిగానే వెళ్తుంది.

దీని బరువు నాకు ఒక పేషెంటు వల్ల తెలిసింది. తిండికీ షుగరుకూ సంబంధించిన ఒక బొమ్మలో "మందులు మానొద్దు" అన్న వాక్యాన్ని అడుగున చిన్న అక్షరాల్లో పెట్టాం. ఎవరో పైభాగం మాత్రం కత్తిరించి పంపారు. కొన్నాళ్ళకు ఓపీలో ఒక పెద్దావిడ ఫోను తీసి ఆ సగం బొమ్మ చూపించింది. "మీ డాక్టర్లే రాసినారు కదా డాక్టరమ్మా" అంది. మాత్రలు మానేసి మూడు వారాలైంది. ఆవిడ తప్పేమీ లేదు. ఆ వాక్యాన్ని కత్తిరించడానికి వీలైనచోట పెట్టినవాళ్ళదే తప్పు, అందులో నేనూ ఉన్నాను.

అప్పట్నుంచి బొమ్మ ఇలా చేస్తున్నాం. మూడు గళ్ళు, మధ్య గడిలో పెద్ద అంకె. ఆ అంకెను ఆనుకునే, అదే రంగులో, దాదాపు అంతే పరిమాణంలో హద్దు చెప్పే వాక్యం. అంకెను ఉంచి హద్దును కోయడం కుదరకూడదు. పత్రిక పేరు, నెల, సంవత్సరం బొమ్మ లోపలే ఉండాలి. వాట్సాప్‌లో ఫార్వర్డ్ అయ్యేటప్పుడు బొమ్మ కింద రాసిన మాటలు రాలిపోవచ్చు, పైగా నాలుగేళ్ళ కిందటి బొమ్మ నిన్నటిదానిలా తిరుగుతుంది. డీఓఐ కూడా బొమ్మ మీదే రాయండి. ఎక్స్‌లో పెట్టేటప్పుడు బొమ్మలో ఏముందో మాటల్లో చెప్పే ఆల్ట్ టెక్స్ట్ నింపండి, చూపు లేనివాళ్ళకు స్క్రీన్ రీడర్ చదివి వినిపించేది అదే.

అక్షరాల సంగతి. ప్రెస్సులో, డీటీపీ షాపులో బొమ్మ చేయిస్తే అను ఫాంట్లలో చేసి ఇస్తారు. అచ్చుకు అందంగానే ఉంటాయి, కానీ ఆ టెక్స్ట్‌ను కాపీ చేసి పోస్టులో పెడితే పిచ్చిగీతలు వస్తాయి. మొదటి నుంచీ యూనికోడ్‌లోనే చేయించండి. నోటో సాన్స్ తెలుగు లాంటివి ఉచితంగా దొరుకుతాయి. బొమ్మ పూర్తయ్యాక ఒత్తులు సరిగ్గా పడ్డాయో లేదో చిన్న ఫోనులో చూసుకోండి.

పేషెంటు ఫొటో ఉన్న కేస్ రిపోర్టు అయితే ఇంకో మెట్టు ఎక్కాలి. జర్నల్‌లో వేయడానికి ఇచ్చిన సమ్మతి ఇన్‌స్టాగ్రామ్‌కు ఇచ్చిన సమ్మతి కాదు. సోషల్ మీడియా అన్న మాట సమ్మతి పత్రంలో విడిగా, తెలుగులో, చదివి వినిపించి ఉండాలి. లేకపోతే ఫొటో వద్దు. కళ్ళ మీద నల్లపట్టీ వేస్తే సరిపోతుందనుకోకండి. ఎక్స్‌రే మూలన పేరు, ఆసుపత్రి ఐపీ నంబరు ఉంటాయి, చూసుకోండి. మొహం లేకున్నా ఊరి పేరు, వయసు, అరుదైన జబ్బు మూడూ కలిస్తే చాలు, ఆ మండలంలో అందరికీ మనిషి తెలిసిపోతుంది. "ఉత్తరాంధ్రకు చెందిన మధ్యవయసు మహిళ" అంటే సరిపోతుంది.

7. ఎప్పుడు పెట్టాలి

ఉదయం ఓపీ, రౌండ్స్ నడుస్తుంటే ఎవరూ చూడరు. మధ్యాహ్నం భోజనం వేళ ఒకటి, రాత్రి తొమ్మిది దాటాక ఒకటి. క్లినిక్ ముగించుకుని ఇంటికొచ్చాక డాక్టర్ల గ్రూపులు కదులుతాయి. వారానికి రెండు పోస్టులు చాలు. అంతకంటే ఎక్కువైతే మ్యూట్ చేస్తారు.

కొత్త సంచిక వచ్చినప్పుడే పోస్టులు పెట్టాలన్న నియమమేమీ లేదు. చిన్న పత్రికకు ఉన్న పెద్ద ఆస్తి పాత సంచికలు. జూన్‌లో తొలకరి పడగానే మలేరియా, డెంగీ, స్క్రబ్ టైఫస్ పేపర్లు బయటికి తీయండి. మార్చి 24 క్షయ దినం, మార్చి రెండో గురువారం కిడ్నీ దినం. ఐదేళ్ళ కిందటి మంచి పేపరును ఆ రోజు మళ్ళీ పెడితే, అచ్చయినప్పుడు దొరకని పాఠకులు అప్పుడు దొరుకుతారు. ఏ సంవత్సరం పేపరో మొదటి వాక్యంలోనే చెప్పండి.

8. జవాబులు, చర్చలు

ఛానెల్‌లో కామెంట్లు ఉండవు గానీ, ఫేస్‌బుక్‌లో, ఎక్స్‌లో మూడు రకాలు వస్తాయి. మొదటిది పేషెంట్ల ప్రశ్న: "సార్, మా నాన్నకు క్రియాటినిన్ 4 ఉంది, ఈ మందు వాడొచ్చా?" ఇక్కడ వైద్యం చేయకండి, అలాగని మౌనంగా వదిలేయకండి. "అండీ, రిపోర్టులు చూడకుండా ఇక్కడ చెప్పడం నాన్నగారికి మంచిది కాదు. ఇప్పుడు చూస్తున్న డాక్టరుగారికి ఈ పేపరు చూపించి అడగండి. ఆయాసం, మూత్రం ఆగిపోవడం ఉంటే 108కి ఫోన్ చేయండి" అని రాయండి. ఇలాంటి జవాబులు నాలుగైదు ముందే ఎడిటర్ గారితో సరిచూయించి ఉంచుకుంటే రాత్రి పూట తడబడరు.

రెండోది విమర్శ. "మీ పేపరులో టేబుల్ 2 లెక్క తప్పు" అని ఎవరైనా అంటే సంతోషించండి, మీ పేపరును అంత శ్రద్ధగా చదివిన మనిషి దొరికాడు. కృతజ్ఞత చెప్పి, రచయితలకు పంపి, ఆ మాటను ఎడిటరుకు లేఖగా రాయమని అడగండి. సోషల్ మీడియాలో వచ్చిన విమర్శ జర్నల్ పేజీలోకి ఎక్కితేనే రికార్డుగా నిలుస్తుంది. మూడోది తిట్లు. జవాబివ్వకండి.

వీలైతే నెలకొకసారి జర్నల్ క్లబ్, అంటే ఒక పేపరును అందరూ చదివి చర్చించుకునే కూటమి, పెట్టండి. 1875లో మాంట్రియల్‌లో విలియం ఆస్లర్ అనే డాక్టరు మొదలుపెట్టిన అలవాటు ఇది. 2014లో కిడ్నీ డాక్టర్లు దాన్ని ట్విట్టర్‌లోకి తెచ్చి నెఫ్‌జేసీ అని పేరు పెట్టారు. వారం ముందు పేపరు ప్రకటిస్తారు, తేలిక భాషలో సారాంశం ఇస్తారు, నిర్ణయించిన గంటలో ప్రశ్నలు ఒకటి రెండు అని నంబర్లు వేసి వదులుతారు. ఏ దేశం నుంచైనా, ఏ స్థాయివాళ్ళైనా మాట్లాడొచ్చు. మన దగ్గర ఒక గురువారం రాత్రి ఇలా ఒక గంట పెట్టి, పేపరు రాసినవాళ్ళను కూర్చోబెట్టి, శ్రీకాకుళం, విజయనగరం, పాడేరు డాక్టర్లను పిలిచి చూడండి. నేను చూసినంతలో అన్నిటికంటే విలువైన మాటలు అక్కడే వచ్చాయి, ఎక్కువగా పీహెచ్‌సీలవాళ్ళ నుంచి. పేపరు చెప్పిన పరీక్ష తమ దగ్గర లేదని, లేనప్పుడు దేన్నిబట్టి చికిత్స మొదలుపెడుతున్నారో చెప్పేది వాళ్ళే.

9. తప్పు జరిగితే

2020 మే 22న ల్యాన్సెట్ పత్రికలో, కోవిడ్‌కు హైడ్రాక్సీక్లోరోక్విన్ మందు వాడకం మీద ఒక పేపరు వచ్చింది. ప్రపంచమంతా పంచుకుంది. డేటాను సరిచూసుకోలేకపోయామని రచయితలు జూన్ 4న దాన్ని వెనక్కి తీసుకున్నారు. పదమూడు రోజులు. అదే పత్రికలో ఎంఎంఆర్ టీకాను ఆటిజంతో ముడిపెట్టిన 1998 నాటి పేపరును వెనక్కి తీసుకోవడానికి 2010 దాకా పట్టింది. ఆ అపోహ ఇప్పటికీ మన ఓపీల్లో వినిపిస్తుంది. 1823 నుంచి ఉన్న పత్రికకే, అంటే మన ఆంధ్ర మెడికల్ కాలేజీ కంటే సరిగ్గా వందేళ్ళు ముందు పుట్టిన పత్రికకే, ఇది తప్పలేదు. మన దగ్గరా ఏదో ఒకరోజు జరుగుతుంది. పద్ధతి ముందే రాసిపెట్టుకోండి.

పాత పోస్టును చడీచప్పుడు లేకుండా చెరిపేయకండి. అప్పటికే కాపీలు తిరుగుతుంటాయి, మన చోట మాత్రమే జవాబు లేకుండా పోతుంది. ఆ పోస్టు కిందే దిద్దుబాటు రాయండి. అదే బొమ్మ తీసుకుని దాని మీద అడ్డంగా ఎర్ర అక్షరాల్లో "ఈ పేపరును వెనక్కి తీసుకున్నాం" అని వేసి, తేదీతో, ముందు ఎక్కడెక్కడ పంపారో అక్కడల్లా పంపండి. కొత్త బొమ్మ చేయకండి. పాతదాన్ని గుర్తుపట్టినవాళ్ళకే ఈ కబురు చేరాలి. వెనక్కి తీసుకోవడానికి కారణం ఒక్క వాక్యంలో చెప్పండి.

ఊళ్ళో పెద్ద ప్రమాదం జరిగినప్పుడు మాత్రం వేరే నియమం. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖ ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్‌జీ పాలిమర్స్ ఫ్యాక్టరీ నుంచి స్టైరీన్ అనే రసాయనం ఆవిరి బయటికొచ్చింది, పన్నెండు మంది పోయారు. ఆ రాత్రే మళ్ళీ లీకయిందన్న మాట పాకి, జనం పిల్లాపాపలతో రోడ్ల మీదికొచ్చారు. అలాంటి రోజున జర్నల్ పేరుతో వచ్చే ప్రతి వాక్యానికి మామూలు కంటే పదింతల బరువుంటుంది. కొత్తగా విన్నదేదీ పెట్టకండి. ప్రీప్రింట్లు, అంటే నిపుణులు ఇంకా సరిచూడని పేపర్లు, పెట్టకండి. జిల్లా యంత్రాంగం ప్రకటనలను యథాతథంగా అందించండి. ఆ రసాయనం మీద ఇప్పటికే అచ్చయి నిలబడ్డ సమాచారం, చికిత్స వివరాలు ఉంటే డాక్టర్ల గ్రూపులకు మాత్రం పంపండి.

10. లెక్క ఎలా రాసుకోవాలి

లైకుల సంఖ్యను రిపోర్టులో మొదట పెట్టకండి. ఆల్ట్‌మెట్రిక్ రంగురంగుల చక్రం చూపించే అంకె పేపరు గురించి ఎంత మాట్లాడుకున్నారో చెబుతుంది, పేపరు మంచిదో కాదో చెప్పదు. వెనక్కి తీసుకున్న పేపర్లకు కూడా పెద్ద అంకెలు వస్తాయి. పైగా వాట్సాప్‌లో జరిగేదేదీ దానికి కనబడదు, మన పాఠకులు ఉన్నది అక్కడే.

నేను ఒక మామూలు రిజిస్టరు పెట్టుకున్నాను. పోస్టు తేదీ, పేపరు, పోస్టుకు ముందు వారం తరవాత వారం డౌన్‌లోడ్లు, వచ్చిన ప్రశ్నలు, ఎవరు ఏ ఊరి నుంచి ఫోన్ చేశారు. చివరి గడిలో ఒకే ప్రశ్న: దీనివల్ల ఎవరైనా ఏదైనా వేరేగా చేశారా? చాలా నెలలు ఆ గడి ఖాళీగానే ఉంటుంది. "స్క్రబ్ టైఫస్‌కు ఒంటి మీద నల్ల మచ్చ కోసం వెతకాలని మీ బొమ్మ చూశాకే గుర్తొచ్చింది" అని ఒక మెడికల్ ఆఫీసరు చెప్పిన రోజు, తేదీ వేసి ఆ గడిలో రాసుకున్నాను.

11. తాళాలు

ఖాతాలను ఎవరి సొంత నంబరుతోనూ, సొంత మెయిల్‌తోనూ తెరవకండి. పీజీ కోర్సు మూడేళ్ళు. ఆ అమ్మాయో అబ్బాయో పరీక్ష రాసి వెళ్ళిపోతే పేజీ తాళం కూడా వాళ్ళతోనే పోతుంది. జర్నల్ పేరుతో ఒక సిమ్, ఒక మెయిల్ తీసుకోండి. రెండంచెల భద్రత పెట్టండి. పాస్‌వర్డ్ ఇద్దరి దగ్గర ఉండాలి, వాళ్ళలో ఒకరు పర్మనెంట్ ఫ్యాకల్టీ కావాలి. కొత్తగా వచ్చినవాళ్ళకు రిజిస్టరు ఇచ్చి, ముందు నెల పోస్టులు పెట్టనివ్వకుండా పాత పోస్టులకు వచ్చిన ప్రశ్నలు చదవమనండి. రెండో నెల ఐదు ప్రశ్నల నోటుబుక్కు వాళ్ళ చేతికివ్వండి.